మార్పుకు వేళా, వరసా: ఒక జెస్యూట్ విశ్వవిద్యాలయం కథ

విశ్వవిద్యాలయం గురించి మాట్లాడమంటే మనలో చాలామంది పరిశోధన గురించో, సిలబస్ గురించో, ర్యాంకుల గురించో మాట్లాడతాం. ఫీజు కౌంటరు, రిజిస్ట్రార్ ఆఫీసు, హాస్టల్ గదుల కేటాయింపు, జీతాల బిల్లు లాంటివి ఉపన్యాసాలకెక్కవు. విద్యార్థి మాత్రం రోజూ తలుపు తట్టేది ఆ ఆఫీసులనే. సంస్థకు డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు మొదట కత్తెర పడేదీ వాటి మీదే. ఆ కత్తెర ఎప్పుడు పట్టుకోవాలి, పట్టుకునే ముందు ఎవరిని ఏమడగాలి అన్నదే ఈరోజు నేను ఎంచుకున్న విషయం. ఇందుకు అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఉన్న సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయాన్ని తీసుకుంటున్నాను. అది జెస్యూట్లు అనే కథోలిక మఠవాసుల విశ్వవిద్యాలయం. బడులు, కాలేజీలు ఎలా నడపాలో దాదాపు అయిదు శతాబ్దాలుగా కాగితం మీద రాసిపెట్టుకుంటూ వచ్చిన సంఘం వాళ్లది. విద్యాసంస్థల నిర్వహణ మీద అంత పొడవైన రాతపూర్వక అనుభవం ఉన్నవాళ్లు చాలా అరుదు. మార్పుకు కావలసిన పద్ధతి జెస్యూట్ విశ్వవిద్యాలయానికి సొంత ఇంట్లోనే ఉందని నా వాదం. ఆ పద్ధతిని సంస్థ కాస్త స్థిమితంగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. పని చేసేవాళ్ల అభ్యంతరాలు రాతలో తీసుకున్నాకే ఖరారు చేయాలి. ఆ వేళ, ఆ వరస తప్పితే ఎంత గొప్ప నిపుణులు గీసిన ప్రణాళికైనా చివరికి ఉద్యోగాల కోతగా మిగులుతుంది.

ముందు జరిగింది చూద్దాం. 1818లో చిన్న పాఠశాలగా మొదలై, 1820ల్లో జెస్యూట్ల చేతికొచ్చి, 1832లో రాష్ట్ర ప్రభుత్వం నుంచి విశ్వవిద్యాలయంగా చార్టర్ పొందిన సంస్థ ఇది. మిసిసిపి నదికి పడమట పుట్టిన మొదటి విశ్వవిద్యాలయం తమదేనని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 2016-17 విద్యాసంవత్సరంలో ఇక్కడ నిర్వహణ మెరుగుదల పేరుతో పెద్ద కార్యక్రమం నడిచింది. దాని పేరు 'మాగిస్ ఆపరేషనల్ ఎక్సలెన్స్ ప్రోగ్రామ్'. సలహాకు బెయిన్ అండ్ కంపెనీ అనే ప్రసిద్ధ కన్సల్టెన్సీని పెట్టుకున్నారు. 2017 మే నెలలో సుమారు 120 మంది ఉద్యోగులను తొలగించారు. ఖాళీగా ఉన్న మరో 130 దాకా పోస్టులను రద్దు చేశారు. పత్రికలకెక్కింది ఈ రెండు అంకెలే. ఏ పని ఆగిపోయింది, ఏ పని ఎవరి నెత్తిన పడింది, ఎవరి టేబుల్ మీద ఫైళ్లు పేరుకుపోయాయి అన్నది బయటివాళ్లకు తెలియదు. లోపలివాళ్లకైనా పూర్తిగా తెలుస్తుందా అంటే అనుమానమే. నిర్వహణ మెరుగుదలను పోస్టుల లెక్కతో కొలవడం మొదలైందంటే, ఆ కార్యక్రమం ఎందుకు పుట్టిందో అది మరుగున పడిపోతుంది. ఆ కోత అవసరమే లేదని నేననడం లేదు. ఖర్చు ఆదాయాన్ని మించితే ఎక్కడో ఒకచోట తగ్గించక తప్పదు. నా ప్రశ్న అక్కడిదాకా ఎలా వచ్చారన్నది, ఆ ప్రశ్నకు జవాబు ఒకటి రెండేళ్ల లెక్కల్లో దొరకదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. జెస్యూట్లు 1548లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో మొదటి కాలేజీ తెరిచినప్పుడు పిల్లల దగ్గర ఫీజు తీసుకోలేదు. నగర పాలకులే అడిగి పిలిపించారు, ఖర్చుకు డబ్బూ సమకూర్చారు. సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా నియమం అది: చదువు ఉచితంగా చెప్పాలి, దాని నిర్వహణకు స్థిరమైన మూలధనం ముందే ఉండాలి. మనం ధర్మనిధి అంటామే, సరిగ్గా అదే. ఈ ఉపన్యాసం నడుస్తున్నదీ అలాంటి నిధి మీదే కాబట్టి ఈ సభకు ఆ లెక్క వివరించి చెప్పనక్కర్లేదు. కాలేజీలు కావాలంటూ ఊరూరి నుంచీ పిలుపులు రావడంతో, నిధి చాలని చోట కూడా తెరిచేశారు. 1565లో జరిగిన సంఘ మహాసభ అది గమనించి, కొత్త కాలేజీలు ఒప్పుకోవడంలో నిదానించండి, ఉన్నవాటిని బలపరచండి అని తీర్మానించింది. మెస్సీనా తర్వాత పదిహేడేళ్లకే ఆ మాట అనగలిగారంటే, విస్తరిస్తున్న ఊపులోనే బ్రేకు వేయడం వాళ్లకు తెలుసన్నమాట. అమెరికాకు వచ్చేసరికి పరిస్థితి వేరు. అక్కడ రాజులు లేరు, డ్యూకులు లేరు, చర్చి కాలేజీకి ఖజానా తెరిచే నగరపాలకులూ లేరు. అమెరికా జెస్యూట్లు రోముకు మొరపెట్టుకుంటే 1833లో పోప్ పదహారవ గ్రెగరీ ఫీజు వసూలుకు మినహాయింపు ఇచ్చారు. సెయింట్ లూయిస్‌కు చార్టర్ వచ్చిన మరుసటి ఏడాదే ఇది. ఆ రోజు నుంచి అమెరికాలోని జెస్యూట్ విశ్వవిద్యాలయాల బతుకు విద్యార్థుల సంఖ్యతో ముడిపడిపోయింది. చేరేవాళ్లు పెరిగితే కొత్త భవనాలు కడతారు, తగ్గితే ఉద్యోగాల మీద పడతారు. నేటి నిర్వహణ సమస్యల వేళ్లు చాలావరకు ఆ 1833 నాటి కాగితంలో ఉన్నాయి.

ఇప్పుడా సంఖ్యకు రెండు వైపుల నుంచీ ఒత్తిడి. అమెరికాలో జననాలు 2007లో 43 లక్షలు దాటి శిఖరానికి చేరాయి, ఆ తర్వాత పడుతూ వచ్చాయి. అప్పుడు పుట్టిన పిల్లలకు 2025లో పద్దెనిమిదేళ్లు. అంటే కాలేజీ వయసుకు వచ్చే అమెరికన్ పిల్లల సంఖ్య ఇక దిగుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి అనేక విశ్వవిద్యాలయాలు విదేశీ ఎంఎస్ విద్యార్థుల వైపు చూశాయి. మన కథ ఇక్కడ కలుస్తుంది. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మనవాళ్లు మొదటి స్థానంలోకి వచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎంతమందో హైదరాబాద్‌లోని అమీర్‌పేట వీధుల్ని అడిగితే చెబుతాయి. ఈ పిల్లలకు విశ్వవిద్యాలయమంటే ముందుగా పరిచయమయ్యేది ప్రొఫెసర్ కాదు, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో కూర్చున్న ఒక ఉద్యోగి.

ఆ ఉద్యోగి చేసే పని కాస్త దగ్గరగా చూడండి. గుడివాడలోనో సిద్దిపేటలోనో ఉన్న అమ్మాయికి సీటు వచ్చింది. తండ్రి బ్యాంకు లోను కాగితాలు పంపాడు. అవి సరిచూసి, అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో నమోదు చేసి ఐ-20 పత్రం ఇవ్వాల్సింది ఆ ఆఫీసే. అది చేతికొస్తే గాని వీసా ఇంటర్వ్యూకు కూర్చోలేదు. అమ్మాయి అక్కడికి చేరాక, కోర్సు ప్రారంభ తేదీ నుంచి 30 రోజుల్లోగా ఆమె నమోదును అదే ఆఫీసు ధ్రువీకరించాలి. చదువైపోయాక ఉద్యోగం చేసుకోవడానికి ఓపీటీ అనుమతి కావాలంటే ముందు ఆ ఆఫీసు సిఫారసు వ్యవస్థలో పడాలి. పడిన 30 రోజుల్లోగా దరఖాస్తు ఇమిగ్రేషన్ శాఖకు చేరాలి. ఈ గడువుల్లో ఏది తప్పినా నష్టపోయేది విద్యార్థే. ఖర్చులు తగ్గించే పట్టికలో ఈ ఆఫీసు ఒక వరస, ముగ్గురు చేసే పని ఇద్దరు చేయగలరా అన్నది ఒక గడి. గడిలో అంకె మార్చడానికి అరనిమిషం చాలు. ఆగస్టు నెలలో ఆ ఇద్దరి ముందు ఎన్ని ఫైళ్లుంటాయో పట్టిక గీసినవాళ్లకు తెలిసే మార్గం ఒక్కటే, ఆ ఇద్దరినీ అడగడం. అమెరికా విద్యార్థి మంచిచెడ్డలకు సలహాదారు ఉంటాడు, అమ్మానాన్నలు ఫోను చేసి నిలదీస్తారు. మన పిల్లకు నిలదీసే మనిషి ఆ దేశంలో ఉండడు.

అడగడం అనే ఆ పనిని వ్యవస్థగా చేసి చూపించిన చరిత్ర జెస్యూట్లకు ఉందన్నాను. దానికి నిదర్శనం 'రేషియో స్టూడియోరమ్' అనే విద్యానియమావళి. క్లాడియో అక్వావీవా సంఘానికి అధినేతగా ఉన్న కాలంలో, 1584లో, వేర్వేరు దేశాలకు చెందిన ఆరుగురిని రోములో కూర్చోబెట్టి ముసాయిదా రాయమన్నారు. 1586లో అది అచ్చయి అన్ని ప్రావిన్సులకూ, అంటే సంఘం పరిపాలనా ప్రాంతాలకు, వెళ్లింది. అందులో ఉత్త నియమాలు లేవు. ఎందుకు ఇలా అనుకుంటున్నామో కారణాల చర్చ కూడా ఉంది. ప్రతి ప్రావిన్సులో కనీసం అయిదుగురు దాన్ని చదివి తమ అభిప్రాయాలు రాసి పంపాలన్నది ఆదేశం. అభ్యంతరాలు కుప్పలుగా వచ్చాయి. వాటిని పరిశీలించి 1591లో రెండో పాఠం తయారుచేశారు. దాన్నీ తుది పాఠమనలేదు, కొన్నేళ్లు అమలుచేసి చూడమన్నారు. మరీ పొడవుగా ఉంది, అక్కర్లేని నియమాలు ఎక్కువున్నాయన్న ఫిర్యాదులతో అదీ వెనక్కి వచ్చింది. కుదించి, సరిచేసి 1599 జనవరిలో ఖరారు చేశారు. మొదటి కమిటీ నుంచి చివరి అచ్చు దాకా పదిహేనేళ్లు పట్టింది. అప్పటికే వాళ్ల కాలేజీలు రెండు వందలు దాటాయి. పని ఆపి ప్రణాళిక రాసుకునే వెసులుబాటు వాళ్లకూ లేదు, కాలేజీలు నడుపుతూనే రాశారు. తుది పాఠాన్ని తెరిస్తే అది పదవుల వరసలో ఉంటుంది. ప్రావిన్సు పెద్ద అయిన ప్రావిన్షియల్ ఏం చేయాలి, కాలేజీ పెద్ద అయిన రెక్టర్ ఏం చేయాలి, చదువుల పర్యవేక్షకుడు ఏం చేయాలి, వ్యాకరణం చెప్పే మాస్టారు ఏం చేయాలి అంటూ దిగుతూ దిగుతూ క్లాసులో చిల్లర పనులు చూసే సహాయకుడి దాకా వస్తుంది. గదిలో బల్లలు వేయించడం, వాదానికి ఎవరి వంతు వచ్చిందో గుర్తుచేయడం లాంటి పనులు అతనివి. అతని కోసం కూడా ఒక అధ్యాయం కేటాయించిన విద్యాప్రణాళిక ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఈనాటి వ్యూహపత్రాల్లో అతని ఊసు ఎలాగూ ఉండదు.

రేషియో ఒక్కసారి జరిగిన పని. దాని వెనక రోజువారీ యంత్రాంగం కూడా ఉంది. ఇగ్నేషియస్ రాసిన, రాయించిన ఉత్తరాలు ఏడు వేలకు దగ్గరగా నేటికీ మిగిలి ఉన్నాయి. 1547 నుంచి హువాన్ దె పొలాంకో అనే కార్యదర్శి ఆ ఉత్తరాల వ్యవస్థను చక్కదిద్దాడు. నలుగురికీ చదివి వినిపించదగ్గ సంగతులు అసలు ఉత్తరంలో రాయండి, మిగతా విషయాలు వేరే కాగితం మీద రాయండి అని ఇగ్నేషియస్ 1542లోనే సహచరుడికి గట్టిగా చెప్పాడు. కింది అధికారులు పైవారికి నియమిత కాలాల్లో రాయాలని సంఘ నియమావళి నిర్దేశించింది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇంకొకటుంది. రెక్టరుకు సలహాదారులుగా కొందరిని నియమిస్తారు. ఆ సలహాదారులు రెక్టరు ద్వారా కాకుండా నేరుగా పై అధికారులకు ఉత్తరాలు రాయాలి. అంటే పైకి వెళ్లే సమాచారానికి రెండు దారులు పెట్టారు. అధికారి తన పాలన గురించి తాను చెప్పేది ఒకటి, అతని పక్కన కూర్చున్నవాళ్లు విడిగా చెప్పేది ఇంకొకటి. మన కాలేజీల్లో గవర్నింగ్ బాడీ ముందుకు వచ్చే నివేదికలన్నీ ప్రిన్సిపాల్ సంతకంతోనే వస్తాయి. ఇది ఎంత పెద్ద లోపమో ఆ పదహారో శతాబ్దపు ఏర్పాటు పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మళ్లీ సెయింట్ లూయిస్‌కు వద్దాం. 2017 ఒక్కటే చూస్తే బొమ్మ పూర్తి కాదు. 2012లో అక్కడి పాలకవర్గం శాశ్వత అధ్యాపకుల పనితీరును నిర్ణీత కాలానికోసారి సమీక్షించే ముసాయిదా తెచ్చింది. ఉద్యోగ భద్రతకే ఎసరు పెడుతున్నారని అధ్యాపకులు మండిపడ్డారు. ప్రతిపాదన వెనక్కి పోయింది. అయినా గొడవ చల్లారలేదు. అధ్యాపక సెనేట్ అప్పటి అధ్యక్షుడు ఫాదర్ లారెన్స్ బియాండీ మీద అవిశ్వాస తీర్మానం చేసింది. పాతికేళ్లు సంస్థను ఏలి, క్యాంపస్ రూపురేఖలే మార్చిన మనిషి ఆయన. 2013లో పదవి వదిలారు. 2014 జులైలో ఫ్రెడ్ పెస్టెల్లో వచ్చారు. మఠవాసి కాని గృహస్థు ఆ పదవిలో శాశ్వతంగా కూర్చోవడం ఆ సంస్థలో అదే మొదటిసారి. నాలుగు నెలలు తిరగకుండానే పరీక్ష ఎదురైంది. నగర శివారు ఫెర్గుసన్‌లో ఒక నల్లజాతి యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయి అల్లర్లు రేగిన ఏడాది అది. అక్టోబరులో నగరంలో మరో నల్లజాతి యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోతే, నిరసనకారులు విశ్వవిద్యాలయం గడియార స్తంభం చుట్టూ డేరాలు వేసి దాదాపు వారం రోజులు కూర్చున్నారు. పోలీసులతో ఖాళీ చేయించమని ఒత్తిడి వచ్చినా పెస్టెల్లో ఆ పని చేయలేదు. కూర్చుని మాట్లాడి 13 అంశాల ఒప్పందం చేసుకున్నారు. 'క్లాక్ టవర్ అకార్డ్స్' అంటారు దాన్ని. నల్లజాతి విద్యార్థులకు ఆర్థిక సాయం పెంచడం, వాళ్లు చదువు మధ్యలో మానేయకుండా చూడడం వంటివి అందులో ఉన్నాయి. స్కాలర్‌షిప్ ఆఫీసు, అడ్మిషన్ల ఆఫీసు నడకను మార్చే నిర్వహణ ప్రణాళికే అది, ఆ పేరు పెట్టకపోయినా. 2012లో రాసింది పైవాళ్లు, 2014లో రాయించింది కిందివాళ్లు. మొదటిది వారాల్లో కుప్పకూలింది. రెండోదాన్ని ఆ విశ్వవిద్యాలయం ఈరోజుకీ తన చరిత్రలో భాగంగా చెప్పుకుంటుంది. డేరాలు వేస్తే గాని వినని సంస్థ సంస్థేనా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డేరాల దాకా పోకుండా ఆ మాటలే పైకి చేరడానికి ఏర్పాటు ఉండాలన్నదే నేను చెప్పేది.

దీనికి మొదటి అభ్యంతరం డబ్బు మనిషి వేస్తాడు. పదహారో శతాబ్దంలో పదిహేనేళ్లు ఆగారు సరే, ఈ నెలాఖరుకు జీతాలివ్వాల్సినవాడు ఎవరి అభిప్రాయాల కోసం ఆగుతాడు అంటాడు. ఇందులో బలం ఉంది. వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ జెస్యూట్ విశ్వవిద్యాలయం సంగతే చూడండి. 1950లలో మొదలైన ఆ చిన్న సంస్థ అప్పుల్లో కూరుకుపోయి 2019లో ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించింది. చరిత్ర, తత్వశాస్త్రం, దైవశాస్త్రం సహా అనేక విభాగాలను ఎత్తేసింది. ఆ చదువులు లేని చోట మా పేరెందుకని జెస్యూట్ సంఘం తప్పుకుంది. ఆ ఏడాది నుంచి అది ఉత్త వీలింగ్ విశ్వవిద్యాలయం. ఆఖరి నెలల్లో అక్కడున్నవాళ్లకు ఇంకో దారి ఉండిందని నేను చెప్పలేను. కానీ ఇల్లు అంటుకున్నాక బావి తవ్వలేరు కదా అనేది నా మాటకు సమాధానం కాదు, సమర్థన. ఇగ్నేషియస్ తన ఆధ్యాత్మిక సాధనల పుస్తకంలో, మనసు కుంగి ఉన్న వేళ పాత నిర్ణయాలు మార్చవద్దని నియమం పెట్టాడు. చేతులు ముడుచుకోమని అనలేదు. కుంగుబాటుకు ఎదురీదమన్నాడు. మూలనిర్ణయాల జోలికి మాత్రం ఆ వేళ పోవద్దన్నాడు. వ్యక్తులకు చెప్పిన ఈ మాట సంస్థలకు అక్షరాలా సరిపోతుంది. లోటు బడ్జెట్ చేతిలో పట్టుకున్న కమిటీ ఏ విభాగానికి విద్యార్థులు తక్కువో దాన్నే తీసేస్తుంది. ఆ విభాగం ఎందుకు పుట్టిందో ఆలోచించే స్థితిలో ఉండదు. పైగా ఈ కష్టం చెప్పాపెట్టకుండా వచ్చింది కూడా కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లలు తగ్గుతారన్న సంగతి, వాళ్లు పుట్టని రోజునే తెలుసు. పద్దెనిమిదేళ్ల ముందు నోటీసు ఇచ్చి వచ్చే విపత్తు మరొకటి ఉంటుందా?

నా వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటేయడం మర్యాద కాదు. బోస్టన్ కాలేజీ 1972లో దివాలా అంచున ఉంది. ఆ ఏడాది అధ్యక్షుడైన ఫాదర్ డొనాల్డ్ మోనన్ ఆ కష్టకాలంలోనే పాలకమండలిని జెస్యూట్ల చేతి నుంచి గృహస్థులు ఎక్కువగా ఉండే మండలికి మార్చారు. రెండేళ్లు తిరిగేసరికి పక్కనే మూతబడబోతున్న న్యూటన్ కాలేజీని కలుపుకున్నారు. సంస్థ నిలబడడమే కాదు, దేశంలో పేరున్న విశ్వవిద్యాలయమైంది. కష్టంలోనూ మార్పు ఫలించిందిగా అనవచ్చు. గమనించాల్సింది ఏం మార్చారన్నది. నిర్ణయం తీసుకునే చోట ఎవరు కూర్చోవాలో మార్చారు. ఏం చదువు చెప్పాలన్న మూలం మీద చేయి వేయలేదు. అదే బోస్టన్ కాలేజీ 2020లో, చేతిలో డబ్బు ఆడుతున్న రోజుల్లో, పక్కనున్న పైన్ మేనర్ కాలేజీని తనలో కలుపుకునే ఒప్పందం చేసుకుంది. 2024లో ఆ స్థలంలో రెండేళ్ల డిగ్రీ కాలేజీ తెరిచింది, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్లల కోసం. దానికి పెట్టిన పేరు మెస్సీనా కాలేజీ. నాలుగేళ్లు తీరిగ్గా ఆలోచించి చేసిన మార్పుకు, ప్రాణం మీదికొచ్చి చేసిన మార్పుకు తేడా ఆ ఒక్క సంస్థ చరిత్రలోనే కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం జెస్యూట్ల స్వభావం గురించి. విధేయతకు పేరుపడ్డ సంఘం అది. పైవాడు చెప్తే కిందివాడు చేస్తాడు. అలాంటివాళ్ల దగ్గర సంప్రదింపులంటే నాటకం కాదా? నిజమే, రేషియోను ఖరారు చేసింది ఓటింగు కాదు, అక్వావీవా అధికారం. నేను ఓటింగు అడగడం లేదు కూడా. అధ్యాపకుల సభలో ప్రతి విషయమూ ఓటుకు పెడితే ఏ విభాగమూ ఏనాటికీ మారదని విశ్వవిద్యాలయాల్లో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. నిర్ణయం ఒకరిదే కావచ్చు. కానీ నిర్ణయానికి ముందు అభ్యంతరాలు రాతలో అందాలి, అందినట్టు దాఖలా ఉండాలి, వాటికి తర్వాతి ముసాయిదాలో సమాధానం కనిపించాలి. 1586కీ 1591కీ 1599కీ మధ్య పాఠం మారుతూ వచ్చిందనడానికి ఆ మూడు అచ్చు ప్రతులే రుజువు. సంప్రదించామని చెప్పుకునే నేటి పాలకులు మొదటి ముసాయిదానూ చివరి ముసాయిదానూ పక్కపక్కన పెట్టి చూపించగలిగితే, నాటకమా కాదా అన్నది చూసినవాళ్లే తేల్చుకుంటారు.

మూడో అభ్యంతరం చరిత్రకారులది, నా ఉద్దేశంలో అన్నిటికన్నా గట్టిది. అంత కష్టపడి రాసిన రేషియో రాయిలా గట్టిపడిపోయింది. 1599 తర్వాత దాన్ని సవరించింది 1832లో, అంటే 233 ఏళ్లకు. ఆ మధ్యలో న్యూటన్ వచ్చాడు, రసాయనశాస్త్రం పుట్టింది, యూరప్ ప్రజలు లాటిన్ వదిలి సొంత భాషల్లో చదువుకోవడం మొదలుపెట్టారు. 1773లో పోప్ పద్నాలుగో క్లెమెంట్ సంఘాన్నే రద్దు చేశారు. ఏడెనిమిది వందల విద్యాసంస్థలు ఒక్క దెబ్బతో వాళ్ల చేయి జారిపోయాయి. 1814లో సంఘం మళ్లీ ప్రాణం పోసుకున్నాక గాని సవరణ ఊసు రాలేదు. రద్దుకు రాజకీయ కారణాలు వేరే ఉన్నాయి, ఆ పాపం రేషియో నెత్తిన వేయలేం. అయినా ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. వాళ్లు రాయడంలో చూపిన ఓపిక తిరగరాయడంలో చూపలేదు. నియమావళిలో మళ్లీ ఎప్పుడు చూడాలన్న తేదీ లేదు. వ్యక్తిగత జీవితంలో రోజుకు రెండుసార్లు ఆత్మపరిశీలన చేసుకోమన్న సంఘం, తన విద్యావిధానాన్ని రెండు శతాబ్దాలకు పైగా పరిశీలనకు పెట్టలేదంటే వింతే. వాళ్ల పద్ధతిని తీసుకునేవారు ఈ లోపాన్ని సరిదిద్దుకునే తీసుకోవాలి.

ఇక ఆ పద్ధతిని నడిపేదెవరు అన్న ప్రశ్న. ప్రపంచంలో జెస్యూట్ల సంఖ్య 1965 ప్రాంతంలో 36 వేలుండేది, ఇప్పుడు 15 వేలకు లోపే. సెయింట్ లూయిస్ ఈ మార్పును చాలామంది కన్నా ముందే పసిగట్టింది. 1967లో అప్పటి విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఫాదర్ పాల్ రైనర్ట్ పాలకమండలి అధ్యక్ష స్థానం నుంచి తాను తప్పుకుని దాన్ని ఒక గృహస్థుకు అప్పగించారు. మండలిలో 18 మంది గృహస్థులు, 10 మంది మఠవాసులు ఉండేలా మార్చారు. సంఘంలో మనుషులు నిండుగా ఉన్న రోజుల్లో చేసిన పని అది. 2001లో మరో జెస్యూట్ విశ్వవిద్యాలయం జార్జ్‌టౌన్ గృహస్థుణ్ణి అధ్యక్షుడిగా ఎంచుకుంది. 2022లో ఇంకో జెస్యూట్ విశ్వవిద్యాలయం ఫోర్డమ్ తొలిసారి ఒక మహిళను, అదీ గృహస్థురాలిని, ఎంచుకుంది. పద్ధతి అంగీ వేసుకున్నవాళ్ల స్వభావంలో ఉన్నంతకాలం రాసిపెట్టకపోయినా నడిచిపోయింది. ఇప్పుడది ఆఫీసుల్లో, నియమాల్లో, ఫైళ్లలో ఉండాలి. లేకపోతే ఇగ్నేషియస్ వాడిన మాటలు బ్రోచర్లలో మిగులుతాయి, పని మాత్రం కన్సల్టెంట్ల స్లైడ్ల ప్రకారం నడుస్తుంది. కన్సల్టెంట్ల మీద నాకు చిన్నచూపు లేదు. ఒకే కాగితం నాలుగు ఆఫీసులు ఎందుకు తిరుగుతోందో లోపలివాళ్లకు కనపడనిది బయటివాడికి కనపడుతుంది. కానీ ఆ నాలుగో ఆఫీసు ఎందుకు పుట్టిందో అతనికి తెలియదు. రెండూ తెలిసినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

మన దగ్గరా ఈ సంఘం నడిపే కళాశాలలున్నాయి. విజయవాడ గుణదల కొండ దిగువన ఆంధ్ర లయోలా కళాశాల 1953లో వెలిసింది. సికింద్రాబాద్ అల్వాల్‌లో లయోలా అకాడమీ ఉంది. వాటి ఇబ్బందులు అమెరికా ఇబ్బందులు కావు. ఇక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, భర్తీ కాని ఎయిడెడ్ పోస్టులు, 2021లో ఎయిడ్ వదులుకునే విషయమై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కళాశాలల ముందు పెట్టిన ఐచ్ఛికాల వంటివి అసలు తలనొప్పులు. కానీ వేళ, వరస అన్న రెండు సంగతులు ఇక్కడికీ వర్తిస్తాయి, జెస్యూట్ల కళాశాలలకే కాదు, అన్నిటికీ. కాబట్టి ఈ సభలో ఉన్న పాలకవర్గ సభ్యులకు, ప్రిన్సిపాళ్లకు, రిజిస్ట్రార్లకు నా విన్నపం ఒకటుంది. మీ సంస్థకు ఈ ఏడాది అడ్మిషన్లు బాగా జరిగి ఉంటే ప్రణాళిక పని ఈ ఏడాదే మొదలుపెట్టండి. ముసాయిదాతో పాటు కారణాలు కూడా రాసి, అటెండరు నుంచి ఆచార్యుడి దాకా ప్రతి విభాగానికీ పంపండి. ప్రిన్సిపాల్ సంతకంతో పనిలేకుండా గవర్నింగ్ బాడీకి నేరుగా ఉత్తరం రాసే హక్కు ఇద్దరు ముగ్గురికైనా ఇవ్వండి. వచ్చిన అభ్యంతరాలను, వాటికి మీ సమాధానాలను తుది ప్రతి వెనక అచ్చువేయండి. దాన్ని మళ్లీ ఏ తేదీన తిరగదోడతారో మొదటి పేజీలోనే రాయండి.